వరసమ్మ అత్తగారిని లాగేసిన సంగతి

వరసమ్మ తన అత్తగారిని చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి బయటికి ఈడ్చేసిందన్న మాట వీధి ఈ చివర పుట్టింది. ఆ చివరికి చేరేసరికి ఆ పెద్దావిడ బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్టాండులో కూర్చున్నట్టు కూడా అయిపోయింది. కూరల కొట్టు దగ్గర ఒకావిడ కళ్ళారా చూశానంది. ఇంకొకావిడ, పాపం గొంతెండిపోతుంటే మంచినీళ్ళ సీసా కొనిచ్చింది తనేనంది. నిజానికి ఆ సమయంలో ఆ అత్తగారు తన మంచం మీద కాళ్ళు బారచాపుకుని, కొడుకు చేత మోకాలికి మందు రాయించుకుంటూ, "ఇంకొక్కసారి ఆడదామే, ఈసారి నేను మొదట్లో నిలబడతాను" అని కోడల్ని బతిమాలుతోంది.

అలాగని వీధి వాళ్ళు అంతా కల్పించారనడానికీ లేదు. చెయ్యి పట్టుకుని లాగడం నిజం. "మాట్లాడకుండా వెళ్ళండి అత్తయ్యా!" అని కోడలు అరవడం నిజం. కొడుకు తల్లి భుజం వదలకుండా వేలాడుతూ చెప్పుల స్టాండు మీద పడడం కూడా నిజమే. ఇన్ని నిజాలు కలిసి అంత పెద్ద అబద్ధం ఎలా అయ్యాయో చెప్పాలంటే ముందు పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు సంగతి చెప్పుకోవాలి.

వరసమ్మ అసలు పేరు ఆవిడ జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినబడదు. క్లినిక్కు వరండాలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళని వరసలో పెట్టడం ఆవిడ పని గనక వరసమ్మ అయింది. పెళ్ళయిన కొత్తలో, పెద్ద డాక్టరుగారు ఉన్న రోజుల్లో, పుక్కిలించే గ్లాసులు కడగడానికి చేరింది. గ్లాసులు కడుగుతూనే వరండాలో జరిగే తగాదాలు వినేది. "నేను ముందొచ్చాను", "కాదు, నేను టీ తాగడానికి వెళ్ళాను, నా టోకెను జేబులో ఉంది", "ఉంటే చూపించు", "చొక్కా మార్చుకున్నాను"... ఇదీ రోజూ పాట. ఒకరోజు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి టోకెన్ల డబ్బా తీసి అలమర మీద పెట్టేసింది. ఆ తర్వాత మళ్ళీ అది కిందికి దిగలేదు.

ఆవిడ పద్ధతి చాలా తేలిక. వచ్చినవాళ్ళకి నంబరు లేదు. "మీ ముందు ఆ కళ్ళద్దాలాయన. గుర్తు పెట్టుకోండి" అంటుంది. కళ్ళద్దాలాయనకి కూడా చెబుతుంది, "అయ్యా, మీ వెనక ఈ ఎర్ర గొడుగావిడ." అంతే. ప్రతి మనిషికీ తన ముందెవరో తెలియాలి, తన వెనకెవరో తెలియాలి. మొత్తం వరస ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు తమ వెనకవాళ్ళని పిలిచి పంపాలి. ఇంకెంతసేపు పడుతుందో తెలుసుకోవాలంటే ముందువాళ్ళని అడగాలి, వాళ్ళు తమ ముందువాళ్ళని అడుగుతారు. వరసమ్మ లోపల గ్లాసులు కడుగుతున్నా వరస దానంతట అదే నడిచేది.

మధ్యలో ఎవరైనా వెళ్ళిపోతే? పళ్ళ క్లినిక్కులో అది మామూలే. లోపల్నించి పన్ను తొలిచే మర జుయ్యిమనగానే సగంమందికి ఇంట్లో పనులు గుర్తొస్తాయి. అలా లేచినవాళ్ళు తమ వెనకవాళ్ళ వైపు తిరిగి, "రండి, ఇలా జరగండి" అని తమ కుర్చీ వాళ్ళకిచ్చి వెళ్ళేవారు. అది చెయ్యమని ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది. బల్ల దగ్గర్నించి వరసమ్మ మాత్రం ముందువాళ్ళకి ఒక కేక వేసేది, "అయ్యా, ఇక మీ వెనక ఈయన!" తెగిన చోట మళ్ళీ అతుక్కునేది. ఈ ముందూ వెనకల పరిచయంతోనే పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఇద్దరు ముసలాయనలు పొద్దున్నే కలిసి నడకకి వెళ్ళేంత స్నేహితులయ్యారు. ఒకాయనకి ఇప్పుడు పళ్ళే లేవు. అయినా అప్పుడప్పుడు వచ్చి వరసలో కూర్చుని కబుర్లు చెప్పి, తన వంతు రాగానే కుర్చీ ఇచ్చి లేచిపోతాడు.

పెద్ద డాక్టరుగారు విశ్రాంతి తీసుకున్నాక కూతురు ఆ కుర్చీలోకి వచ్చింది. వరండాలో జుట్టు విరబోసుకుని బొమ్మలు గీసుకున్న పిల్లే, వరసమ్మని "పిన్నీ" అని పిలిచే పిల్లే. మంచి చెయ్యి, మంచి మాట. ఒక సాయంత్రం చేతి తొడుగులు విప్పుతూ అంది.

"పిన్నీ, ఒక మాట. జనం బయట తిరుగుతూ ఫోన్లు చేసి నా వంతెప్పుడని అడుగుతున్నారు. నువ్వు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కేకలు. గోడకి టోకెను మెషీను పెట్టిద్దామనుకుంటున్నా."

వరసమ్మకి దిగులేసింది. ఉద్యోగం పోతుందని కాదు. బిల్లులూ ఫోన్లూ గ్లాసులూ ఎలాగూ ఉంటాయి, డాక్టరమ్మ ఆవిణ్ణి పొమ్మనే మనిషి కాదు. పోయేది వరస.

"నంబరు చేతికిస్తే మనిషి గోడకేసి చూస్తాడమ్మా. పక్కవాడికేసి చూడడు" అంది.

"నాకూ నీ పద్ధతే ఇష్టం. కానీ అది నీ గొంతులో ఉంది పిన్నీ, నీకు జలుబు చేస్తే క్లినిక్కు ఆగిపోతోంది. దాన్ని కంప్యూటర్లో పెట్టే మార్గముంటే చెప్పు, మెషీను మాటెత్తను."

డాక్టరమ్మ సగం నవ్వుతూనే అంది. వరసమ్మ మాత్రం ఆ మాట కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్ళింది.

జిరాక్సు కొట్టు మీద మేడలో ఒక కంప్యూటరు క్లాసుంది. అక్కడి పంతులమ్మ వయసు వరసమ్మ ఉద్యోగమంత ఉంటుంది. మొదటిరోజు వరసమ్మని చూసి, "మీ పిల్లల్ని చేర్పించడానికా అమ్మా?" అని అడిగింది. "నన్ను చేర్పించుకోవడానికి" అంది వరసమ్మ, ఉన్న కుర్చీల్లో ఊగని కుర్చీ వెతుక్కుంటూ.

మొదట్లో ఆవిడ అవస్థ చూడాలి. సెమీకోలన్ మర్చిపోతే కంప్యూటరు అలిగేది. బ్రాకెట్టు మర్చిపోతే ఎర్ర అక్షరాలతో తిట్టేది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకునేది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నేను చూసిన ఏ లిఫ్టూ ఇంత మొండికెయ్యలేదు. పోనీ ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడు" అనేవాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే, అదేమిటో చాలాసార్లు పనిచేసేది కూడా.

ఒకరోజు పంతులమ్మ బోర్డు మీద అలమర అరల్లాంటి గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పేరు రాసింది. మధ్యలో ఒక పేరు తీసేస్తే వెనకున్నవాళ్ళందర్నీ తలో గడీ ముందుకి జరపాలంది.

"అందర్నీనా?" అంది వరసమ్మ. "పంటి నొప్పితో ఉన్నవాళ్ళని లేచి జరగండి, లేచి జరగండి అంటే నన్నే కొరుకుతారు."

పంతులమ్మ నవ్వి ఇంకో బొమ్మ గీసింది. ఈసారి గళ్ళు దూరదూరంగా ఉన్నాయి, ఒక్కో గడి నుంచి వెనక గడికి ఒక బాణం. ప్రతి గడికీ తన వెనక ఎవరున్నారో మాత్రమే తెలుసునంది.

"మరి తన ముందెవరో?"

"తెలీదు."

"అదేం బతుకు!"

అప్పుడు పంతులమ్మ ప్రతి గడి నుంచీ ముందు గడికి కూడా ఒక బాణం గీసింది. రెండు గళ్ళ మధ్య పోయేదొకటీ వచ్చేదొకటీ. "దీన్ని డబ్లీ లింక్డ్ లిస్ట్ అంటారమ్మా. ప్రతి గడిలోనూ మూడు సంగతులు. తన పేరు, తన ముందెవరు, తన వెనకెవరు."

వరసమ్మ కుర్చీలోంచి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ బొమ్మని వేలితో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమింది. "ఇది మా వరండా" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. తెలిసిన వరండాయే కదా అని ఆవిడకి ధీమా వచ్చేసింది. తెరల మీద అక్షరాలు కనబడేట్టు చేసే పని పంతులమ్మ చేసిపెట్టింది. వరస నడిపే పని మొత్తం వరసమ్మ రాసుకుంది. వచ్చినవాళ్ళని చివర కలపడం రాసింది. వెళ్ళిపోయినవాళ్ళని మధ్యలోంచి తీసెయ్యడం రాసింది. మొదటి నుంచి చివరిదాకా చదివి చూసుకుంది. అక్షరం పొల్లు పోలేదు.

డాక్టరమ్మ గదిలో ఒక తెర, వరండాలో ఒక తెర పెట్టారు. లోపలి తెర మీద తర్వాత ఎవరు రావాలో కనబడుతుంది. వరండా తెర మీద ఒక్కొక్కరి పేరూ, పక్కనే "మీ ముందు ఫలానావారు" అనీ కనబడుతుంది. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళ పేరు పోదు, పక్కన టిక్కు పడి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. కుర్చీల్లో వరసగా కూర్చోవలసిన పనిలేదు, ఎక్కడైనా కూర్చోవచ్చు. మొదటిరోజు జనం దాన్ని వింత చూసినట్టు చూశారు. వరసమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళివారింటి మనిషిలా వరండా అంతా తిరిగింది.

మధ్యాహ్నానికి చెంప వాచి రిటైరైన హెడ్మాస్టరుగారు వచ్చారు. ఆయన ముందు కుట్టుమిషనావిడ. లోపల మర జుయ్యిమంది. కుట్టుమిషనావిడ లేచి, "నాకు పనుంది వదినా, సోమవారం వస్తా" అని వరసమ్మ చెవిలో చెప్పి జారుకుంది. వరసమ్మ మీట నొక్కి ఆవిడ పేరు తీసేసింది. కాసేపటికి లోపల్నించి డాక్టరమ్మ పిలిచింది.

"హెడ్మాస్టరుగారూ, రండి!"

హెడ్మాస్టరుగారు కదల్లేదు. చేతికర్రతో తెర చూపించారు. "నా ముందు కుట్టుమిషనావిడ ఉందని రాసుంది."

"ఆవిడ వెళ్ళిపోయారండీ" అంది వరసమ్మ.

"వెళ్ళిపోతే అక్కడెందుకుంది?"

అందరూ తెర కేసి చూశారు. వరసలో కుట్టుమిషనావిడ పేరు ఎక్కడా లేదు. కానీ హెడ్మాస్టరుగారి పేరు పక్కన మాత్రం "మీ ముందు కుట్టుమిషనావిడ" అని నిక్షేపంలా ఉంది.

"లోపలి తెర మీరే రావాలంటోంది మాస్టారూ" అని డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"బయటి తెర వద్దంటోంది. ఎన్నో ఏళ్ళు పిల్లల్ని వరస తప్పితే గోడకి నిలబెట్టిన మనిషిని. ఇవాళ నేను తప్పనా?"

"నేను చెబుతున్నా కదండీ, ఆవిడ లేదు" అంది వరసమ్మ.

"నువ్వు చెప్పింది నమ్మాలా అమ్మా, నువ్వు చేసిన పెట్టె చెప్పింది నమ్మాలా? ఏదో ఒకటి తేల్చు."

వరండా రెండు పక్షాలైపోయింది. ముందు హెడ్మాస్టరుగారు పోవాలని కొందరు, కుట్టుమిషనావిడని ఇంటి నుంచి పిలుచుకు రమ్మని కొందరు. చివరికి పళ్ళు లేని ముసలాయన లేచి, "మాస్టారూ, ఆవిడ బదులు నేను లోపలికి వెళ్ళొస్తా. ఆ తర్వాత మీరు వెళ్ళండి. నాకెలాగూ పీకడానికేం లేదు" అని లోపలికి వెళ్ళి, నోరు తెరిచి మూసి వచ్చాడు. అప్పుడు గానీ హెడ్మాస్టరుగారు కదల్లేదు.

సాయంత్రం డాక్టరమ్మ కోప్పడలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. "పిన్నీ, టోకెను మెషీను మనిషి సోమవారం వస్తానన్నాడు. ఈలోపు సరైతే సరే. లేకపోతే పెట్టించేద్దాం, ఏమనుకోకు" అంది.

వరసమ్మ అట్నుంచి అటే జిరాక్సు కొట్టు మెట్లెక్కింది. "మొదటి నుంచి చదివితే అంతా సరిగానే ఉంది టీచరుగారూ. పేరు పోయింది. వరస అతుక్కుంది. మరి ఆవిడ ఎక్కణ్ణించి వచ్చినట్టు?"

పంతులమ్మ రాసిందంతా చూసింది. ఆవిడకి దొరికినట్టే ఉంది. కానీ చెప్పలేదు. "వెనక నుంచి చదివి చూశారా అమ్మా?"

"వెనక నుంచా? ఎందుకూ?"

"నేను చెప్పేస్తే ఇవాళ్టికి సరిపోతుంది. ఇంట్లో మనుషుల్ని నిలబెట్టి, మీరు రాసింది రాసినట్టు వాళ్ళ చేత చేయించి చూడండి. రాయనిది ఒక్కటి కూడా చెయ్యనివ్వొద్దు."

మర్నాడు ఆదివారం. వరసమ్మ ఇంటి ముందు పొడుగాటి నడవ, నడవకి వీధి వైపు పెద్ద కిటికీ, కిటికీకి సరిగ్గా ఎదురుగా ఒక బాల్కనీ. ఆ బాల్కనీ ఆవిడ్ని వీధిలో అందరూ బాల్కనీ వదిన అంటారు. ఆవిడ ఆరేసిన బట్టలు ఎప్పుడో ఆరిపోయినా, తీయడం మాత్రం పూర్తికాదు. ఆవేళ కూడా తీస్తూనే ఉంది.

నడవలో అందరికంటే ముందు మరిదిని నిలబెట్టింది వరసమ్మ. కారు నడపడం నేర్పే స్కూల్లో పని అతనికి, పక్కనెవరున్నా కాలు బ్రేకు మీదే ఉంటుంది. అతని వెనక అత్తగారు. ఆవిడ వెనక మొగుడు.

"కుడి చేత్తో మీ ముందువాళ్ళ భుజం పట్టుకోండి. ఎడమ చేత్తో మీ వెనకవాళ్ళ చొక్కా పట్టుకోండి. ఇద్దరి మధ్యా రెండు పట్లుండాలి."

"నా ముందెవరూ లేరు వదినా, కుడి చెయ్యేం చెయ్యను?" అన్నాడు మరిది.

"నడుం మీద పెట్టుకో. నడుం మీద చెయ్యుంటే ఎవరూ లేరని గుర్తు."

"మరి నా ఎడమ చెయ్యి?" అన్నాడు చివరున్న మొగుడు.

"మీదీ నడుం మీదే."

"ఫోటోకి నిలబడ్డట్టుంది" అంది అత్తగారు సంబరంగా.

"అత్తయ్యా, ఇప్పుడు మీరు కుట్టుమిషనావిడ. మిమ్మల్ని తీసేస్తున్నా." వరసమ్మ కాగితం చూసి చదివింది. "ముందున్న మనిషి ఎడమ చెయ్యి, వెనకున్న మనిషికి." మరిది తల్లి కొంగు వదిలి, వెనక్కి సాచి అన్న చొక్కా పట్టుకున్నాడు. "అయింది. ఇక మీరు వెళ్ళిపోవచ్చు."

అత్తగారు పక్కకి జరుగుతూ కొడుకు వైపు తిరిగి, "నాయనా, ఇక తమ్ముడి భుజం పట్టుకో, పడిపోతావు" అని వాడి చెయ్యి తీసి చిన్నవాడి భుజం మీద పెట్టింది. ఇద్దరు కొడుకులూ చక్కగా కలిసి నిలబడ్డారు. తప్పేమీ కనబడలేదు.

వరసమ్మ తల గోక్కుంది. కాగితం చూసింది. అత్తగారి కేసి చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

"అత్తయ్యా, మీరేం చేశారిప్పుడు?"

"వెళ్ళిపోయాను కదే."

"వెళ్ళే ముందు?"

"వాడికి చెప్పాను. చెప్పకుండా ఎలా వెళతాను?"

"నేను రాయలేదు. మీరు చెప్పకూడదు. కంప్యూటర్లో వెళ్ళేవాళ్ళు మాట్లాడరు."

"చెప్పా పెట్టకుండా పోవడమా! అదేం మర్యాద?"

"అక్కడ మర్యాద లేదు అత్తయ్యా. రాసిందే ఉంటుంది. మళ్ళీ నిలబడండి."

మళ్ళీ నిలబడ్డారు. మరిది చెయ్యి అన్నకిచ్చాడు. "ఊఁ, వెళ్ళండి" అంది వరసమ్మ. అత్తగారికి నోరు ఊరుకోలేదు. "నాయనా, తమ్ముడి..." అని మొదలుపెట్టింది.

"మాట్లాడకుండా వెళ్ళండి అత్తయ్యా!" అని అరిచి, వరసమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం కేసి లాగింది. మొగుడి కుడి చెయ్యి ఇంకా తల్లి భుజం మీదే ఉంది. ఎవరూ వదలమనలేదు గనక ఆయన వదల్లేదు. తల్లితోపాటు ఈడ్చుకుపోయాడు. ఆయన చొక్కా పట్టుకున్న తమ్ముడు ఆయన వెనకే. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు కాలికి తగిలి ముగ్గురూ దాని మీద కుప్పకూలారు. అత్తగారి మోకాలు స్టాండు అంచుకి కొట్టుకుంది.

"వదలరేమండీ!"

"నువ్వు చెప్పలేదు కదే! నాకు తెలిసి నా ముందు అమ్మే ఉంది!"

వరసమ్మ చేతిలో కాగితం మళ్ళీ చూసుకుంది. కుట్టుమిషనావిడ ఎక్కడ దాక్కుందో కనబడింది. క్లినిక్కులో ఇన్నేళ్ళూ వరసమ్మ చేసింది సగం పనే. ముందువాళ్ళకి మాత్రమే కేక వేసేది. వెనకవాళ్ళకి చెప్పే సగం, వెళ్ళిపోయేవాళ్ళు కుర్చీ ఇచ్చి చేసేవారు. ఆ సగం ఎంత నెమ్మదిగా జరిగిపోయేదంటే, అది ఒక పని అని కూడా ఆవిడకి ఎప్పుడూ తోచలేదు. తన చేతులు చేసినంతే రాసింది. కుర్చీ రాయలేదు.

"దొరికింది!" అని కేకపెట్టి, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని పైకి లేపి గుమ్మంలో గిరగిరా తిప్పింది. బాల్కనీ వదినకి మాత్రం బట్టల మధ్యలోంచి తిప్పడం కనబడలేదు. అప్పటికే ఆవిడ చూసిన దానితో నోరు వెళ్ళబెట్టి, సంగతి చెప్పడానికి మెట్లు దిగుతోంది.

వరసమ్మ ఆ రోజే కూర్చుని ఒక్క వాక్యం చేర్చింది. వెనకున్న మనిషి కుడి చెయ్యి, ముందున్న మనిషికి. చేర్చి, మళ్ళీ నిలబెట్టి లాగి చూస్తే ఎవరూ పడలేదు. అంతటితో ఊరుకోలేదు. మోకాలికి మందు రాయించుకున్న అత్తగారు నేను మొదట్లో నిలబడతానని పేచీ పెట్టింది గనక, ఆవిణ్ణి మొదట్లో నిలబెట్టి తీసేసి చూసింది. మరిది, "వెళ్ళే మనిషికి ముందున్నవాళ్ళ చెయ్యి మార్చాలంటున్నావు, అమ్మ ముందెవరూ లేరుగా, ఎవరి చెయ్యి మార్చాలి?" అని అడిగాడు. అదీ నిజమే. ముందెవరైనా ఉంటేనే వాళ్ళ చెయ్యి మార్చు, లేకపోతే వెనకమనిషి చెయ్యి నడుం మీద పెట్టెయ్యి అని ఇంకో రెండు వాక్యాలు రాసింది. చివరున్నవాళ్ళకీ అలాగే రాసింది. అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇంటికి పెద్దదాన్ని, ఇలాగే నిలబడాలి" అని చాలాసేపు అలాగే నిలబడింది.

సోమవారం పొద్దున్న టోకెను మెషీను మనిషి పెట్టెతో సహా వచ్చి వరండాలో ఒక పక్క కూర్చున్నాడు. హెడ్మాస్టరుగారు పంటిలో మందు మార్పించుకోవడానికి వచ్చారు. ఆయన వెనక కుట్టుమిషనావిడ, మొన్నటి మొహమాటంతో. ఆవిడ వెనక, ఉన్నట్టుండి పన్ను నొప్పి పుట్టిన బాల్కనీ వదిన. పళ్ళు లేని ముసలాయన మామూలే.

మర జుయ్యిమంది. కుట్టుమిషనావిడ లేచింది. వరండా అంతా తెర కేసి తిరిగింది. వరసమ్మ మీట నొక్కింది.

హెడ్మాస్టరుగారు లేచి తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సవరించుకుని, హాజరు పిలిచినట్టు పై నుంచి కిందికి చదివారు. తర్వాత కింద నుంచి పైకి చదివారు. "ఈమె ముందు..." అని బాల్కనీ వదిన పేరు పక్కన కర్ర ఆనించారు. "నేను. నేనే ఉన్నాను. ఎటు నుంచి చదివినా ఒకటే వస్తోంది. సరిపోయింది." ఆయన నోటి నుంచి సరిపోయిందన్న మాట రావడం అక్కడున్న ఆయన పాత శిష్యులెవరూ అంతకుముందు వినలేదట.

డాక్టరమ్మ మెషీను మనిషికి టీ ఇప్పించి, పెట్టె విప్పనక్కర్లేదని చెప్పి పంపేసింది. పోతూ పోతూ ఆయన కూడా పంటి నొప్పి ఉందని గుర్తు తెచ్చుకుని వరసలో చేరాడు. వరసమ్మ తెర మీద ఆయన పేరు ఎక్కించాక, అలవాటు చొప్పున నోటితో కూడా చెప్పింది, "అయ్యా, మీ ముందు ఆ పళ్ళు లేని తాతగారు. పలకరించండి, మంచివారు."

హెడ్మాస్టరుగారు లోపలికి వెళ్ళారు. బాల్కనీ వదినకి ఇక ఆగలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, బల్ల మీదికి వంగి, వరండా అంతా వినబడేంత గుసగుసగా అడిగింది.

"వదినా, దాచకుండా చెప్పు. మీ అత్తగారిని లాగేశావా లేదా? నా రెండు కళ్ళతో చూశాను."

వరసమ్మ తెర కేసి ఒకసారి చూసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"లాగేశాను వదినా. కానీ తప్పు నాదే. కొడుకులిద్దరి చేతులూ రెండు వైపులా కలపకుండా లాగాను, అందుకే పడ్డారు. ఆ తర్వాత కలిపి లాగాను, ఎవరూ పడలేదు. ఇప్పుడావిడ మొదట్లో ఉంది."